పాత తోలు ఊడదీసినాకనే కొత్త తోలు

సోమశిల రేవు,
కొల్లాపూర్ మండలం.
వైశాఖ మాసం.

మేనల్లునికి మామ దీవెనలు.

అక్క మోకాళ్ళ నొప్పి ఎట్లున్నదో రాయి. బావ పోయినాక ఆయన వెదురు పుట్టి అమ్మేస్తరేమో అనుకున్న. నువ్వే పట్టుకున్నవని తెలిసి సంబురమైంది. అడుగున నీళ్ళు ఊరుతున్నయి, మిరుగు కార్తె లోపల ఇంకొక పట్టా చుట్టి డాంబర్ పూస్తే ఈ ఏడు గడుస్తదా అని అడిగినవు. గడవదు. ఎందుకు గడవదో, మరి ఏం చెయ్యాల్నో ఫోన్ల చెప్తే సగం చెవి కాడనే ఆగిపోతది. కాగితమైతే పని కాడ రాయి కింద పెట్టుకుని చూసుకుంటవు.

మొదలే ఒక్క మాట. పాత తోలు మీద కొత్త తోలు వెయ్యకు. వెదురు బద్దలు కండ్లకు కనబడే దాంక మొత్తం ఊడదియ్యి. ఇప్పుడు పుట్టికి వేసేది ప్లాస్టిక్ పట్టానే అయినా నాకు తోలు అనుడే అలవాటు, అట్లనే రాస్త.

మా నాయిన కాలంల అయితే నిజంగ బర్రె తోలే. తోలు నానితే మెత్తబడతది, ఆరకపోతే కుళ్ళుతది. అందుకని నీళ్ళల్ల తిరిగిన పుట్టిని సాయంత్రం ఒడ్డుకు గుంజి బోర్లించి ఆరబెట్టేటోళ్ళు. తోలు పాడైతే కుట్లు విప్పి తీసేసుడే, వేరే దారి లేదు. పాత తోలు మీద కొత్తది కుడితే ఆ బరువుకు ఒక్క మనిషి పుట్టిని నెత్తికెత్తుకోలేడు. విజయనగరం రాజుల కాలంల, 1520 ప్రాంతంల, పోర్చుగీసు దేశం నుంచి డొమింగో పేస్ అని ఒకాయన వచ్చి తుంగభద్ర మీద ఈ పుట్లను చూసి రాసి పెట్టిండు. లోపల బద్దల అల్లిక, బయట తోలు, పదిహేను ఇరవై మందిని దాటిస్తయి, నేరుగ పోవు, తిరుగుకుంట పోతయి అని. 500 ఏండ్లు దాటినా అల్లిక పెద్దగ మారలేదు. మారింది పై కప్పే.

యూరియా సంచులు, టార్పాలిన్ పట్టాలు, డాంబర్ వచ్చినాక పని సులువైంది. సులువైన పనికి ఓర్పు తక్కువ. చిల్లు పడ్డ కాడ అతుకు, అతుకు మీద పట్టా, పట్టా మీద డాంబర్, మళ్ళ ఏడు ఇంకొక పట్టా. ఇట్ల పొర మీద పొర పేరుకున్న పుట్లు మీ జూరాల డ్యాం కింద ఉన్నయి, మా కాడ శ్రీశైలం నీళ్ళల్ల ఉన్నయి, బీచుపల్లి కాడా ఉన్నయి. పైకి చూస్తే నల్లగ నిగనిగ మెరుస్తయి. ఆ నలుపు కింద ఏమున్నదో ఆ పుట్టి నడిపేటోనికే ఎరుక ఉండదు.

అసలు నష్టం ఎక్కడ జరుగుతదో చెప్తా విను. బయటి పొరకు చిన్న చిల్లు పడితే చాలు, నీళ్ళు లోపలికి ఎక్కుతయి. ఎక్కిన నీళ్ళు బయటికి రావు, రెండు పొరల నడుమ నిలుస్తయి. నువ్వు పుట్టిని ఎండల బోర్లిస్తే డాంబర్ మీద తడి నిమిషంల ఆరుతది, కింది తడి అట్లనే ఉంటది. వెదురుకు ఒక గుణం ఉన్నది. ఎప్పటికీ నీళ్ళ అడుగునే ఉంటే చానా ఏండ్లు ఆగుతది. ఎప్పటికీ పొడిగ ఉన్నా ఆగుతది. తడి, గాలి రెండూ తగిలితెనే బూజు పుట్టి పీచు పీచు అయితది. పొరల నడుమ ఉన్న జాగ సరిగ్గ అట్లాంటిదే. మీది నుంచి ఇంకొక పట్టా చుడితే కుళ్ళును లోపల పెట్టి మూత బిగించినట్లే. పైగా బరువు పెరుగుతది. పుట్టి బరువెక్కిన కొద్ది నీళ్ళల్ల లోతుగ కూసుంటది, అంచుకు నీళ్ళకు నడుమ ఎడం తగ్గుతది. అలకు, గాలికి మనల్ని కాచేది ఆ ఎడమే.

నువ్వు పంపిన అమెరికా వీడియో కూడ చూసిన. ఆ దేశంల చెరువుల మీద చేపలు పట్టే పడవలల్ల నేల మీద తివాచీ అతికిస్తరట. కాలు జారదు, చేపకు చప్పుడు వినబడదు. ఏండ్లు గడిస్తే ఆ తివాచీ నీళ్ళు పట్టి కింది ప్లైవుడ్‌ను మెత్తగ చేస్తది. వీడియోల ఉన్న మనిషి మూల పట్టి తివాచీని గుంజిండు, మిగిలిన జిగురును వేడిగాలి మిషన్‌తోని మెత్తబరిచి గీకిండు. దాంట్ల నువ్వు నేర్చుకునేది ఒకటి, విడిచిపెట్టేది ఒకటి. కొత్త తివాచీ పరిచే ముందు ఆయన పలకలను ఒక్కొక్కటి వేలితోని నొక్కి చూసిండు, మెత్తగ ఉన్నదాన్ని కోసి పారేసిండు. అది నేర్చుకో. వేడిగాలి మిషన్ జోలికి పోకు. ఆయన కింద ఉన్నది గట్టి పలక. నీ కింద ఉన్నవి ఎండిన వెదురు బద్దలు, వాటి మీద ప్లాస్టిక్, ప్లాస్టిక్ మీద డాంబర్. ఒక్క నిప్పు రవ్వ పడితే మూడూ అంటుకుంటయి.

ఇగ కాలం సంగతి. మే 11 కాడ కృత్తిక కార్తె పడతది. ఊడదీసే పని ఆ కార్తెల మొదలుపెట్టి ఆ కార్తెలనే ముగించు. 25 కాడ రోహిణి వస్తది. రోహిణి మొదటి వారం అల్లికను ఆరనియ్యి, బద్దలు మార్చు. రెండో వారం కొత్త తోలు. జూన్ 8 కాడ మిరుగు. మిరుగు నాడు చేప ముక్క తినని ఇల్లు మన దిక్కు తక్కువ, ఆ దినం నీకు బేరం ఉంటది. వరద సంగతి మన చేతుల లేదు. ఎగువన కర్ణాటకల ఆల్మట్టి, నారాయణపూర్ నిండి కిందికి విడిస్తె జూరాలకు వస్తది. జూరాల గేట్లు ఎత్తితే మీ గుర్రంగడ్డ చుట్టు ఉరకలెత్తే నీళ్ళే. ఆ నీళ్ళు వచ్చే నాటికి పుట్టి సగం ఊడదీసి ఒడ్డున ఉంటే తొందర పడతవు. ఆ తొందరలనే మనిషి పాత దాని మీద కొత్తది చుడతడు.

పని చేసే జాగ నీళ్ళ అంచున వద్దు. గట్టెక్కి, వేపచెట్టు నీడ చూసుకో. కింద ఒక పాత పట్టా పరువు. గీకిన డాంబర్ పెళ్ళలు, ప్లాస్టిక్ ముక్కలు దాని మీదనే పడాలె. చానా దినాలు బోర్లించి పెట్టిన పుట్టి అయితే చెయ్యి పెట్టి లేపకు. కట్టెతోని ఒక పక్క లేపి కాసేపు ఆగు. దాని కింద సల్లగ ఉంటది, తేలుకు పాముకు అది ఇల్లే.

మొదట పుట్టి లోపలిది తియ్యి. కాళ్ళ కింద గోనె సంచులు, పాత పట్టా ముక్కలు పరిచి ఉంటయి గదా, వాటి నుంచి పని షురూ. అవి చేపల జిగురు, పొలుసులు, బురద పట్టి అట్ట కట్టి ఉంటయి. వాటిని ఒట్టి చేతితోని గుంజకు. పాత గాలాలు, జెల్ల ముండ్లు ఆ గోనెలల్లనే దాక్కుంటయి. కాళ్ళకు చెప్పులు తొడుక్కో, చేతికి తోలు గ్లౌజులు లేకుంటే మందం గుడ్డైనా చుట్టుకో. తుప్పు గాలం గుచ్చుకుంటే పసుపు పెట్టి కట్టుకుని కూసోకు, దవాఖానకు పోయి టీటీ సూది వేయించుకో. లోపలి గోనెలను మళ్ళ వాడే ఆశ పెట్టుకోకు. వాటి కింది తడే అడుగు బద్దలను మొదట తింటది.

అవి తీసినాక పుట్టిని కడిగి, రెండు దినాలు గాలికి వదిలి, అప్పుడు బోర్లించి బయటి పని పట్టు. బయటి పొర తీసే ముందు గుర్తులు పెట్టుకో. శ్రీశైలం డ్యాం నీళ్ళు ఎక్కి వచ్చే కాలంల మన దిక్కు గుళ్ళను కాపాడిన సంగతి నీకు చిన్నప్పుడు చెప్పిన. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని అలంపురానికి తెచ్చినరు. జటప్రోలు గుళ్ళను, ఈ సోమశిల గుళ్ళను ఎత్తు జాగకు తెచ్చినరు. రాయి రాయి విప్పి, ప్రతి రాయికి నెంబరు వేసి, అదే వరుసల మళ్ళ పేర్చినరు. విప్పేటప్పుడు వేసిన నెంబరే కట్టేటప్పుడు దారి చూపింది. నీది అంత పెద్ద పని కాదు గాని పద్ధతి అదే. నువ్వు తెడ్డు వేసే దిక్కు అంచుకు ఎర్ర గుడ్డ కట్టు. నీళ్ళు ఊరిన కాడ లోపలి నుంచి సుద్దతోని గీత గియ్యి. ఏ పట్టా ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో ఫోన్ల ఫోటో తీసుకో. పొర తీసినాక చిల్లుకు ఎదురుగ ఉన్న బద్ద ఏదో వెతుక్కునే పని ఉండదు. ఒక్కోసారి చిల్లు ఒక కాడ ఉంటది, నీళ్ళు పొరల నడుమ పాకి ఇంకొక కాడ ఊరుతయి. గుర్తులుంటేనే ఆ దారి దొరుకుతది.

ఊడదీసుడు అంచు నుంచి మొదలుపెట్టు, అడుగు నుంచి కాదు. అంచు చుట్టు పట్టాను వెదురు కట్టకు కుట్టిన సుతిలినో నైలాన్ దారాన్నో చిన్న కత్తితోని ఒక్కొక్క కుట్టు కొయ్యి. కత్తి మొన బయటికి చూడాలె, బద్దల దిక్కు కాదు. కుట్టు కొయ్యకుండ పట్టాను గుంజితే దారం బద్దను కోస్తది, కొన్నిసార్లు అంచు కట్టనే విరుగుతది. పుట్టికి అంచే నడుము. అది వదులైతే కింద అల్లికంత గట్టిగున్నా ఆకారం నిలవదు.

పట్టా గుంజేటానికి పొద్దు చూసుకో. రోడ్డుకు వాడే డాంబర్ 50 డిగ్రీల అటూ ఇటూ మెత్తబడతది. మన ఎండకాలం గాలే 40 దాటుతది, నల్లటి పుట్టి మీద అయితే ఇంకెంతో ఎక్కువ. మిట్టమధ్యాహ్నం అది జిగట జిగట అయి చేతులకు, కత్తికి, బట్టకు అంటుతది, పట్టా సాగి తెగుతది. తెల్లారి సల్లబడినప్పుడు గట్టిపడి పెళుసు అయితది. అప్పుడు పట్టాను గుంజితే పగిలి, దాంతోని కలిసి బద్ద కూడ చీలుతది. అందుకని పట్టా గుంజేది పొద్దు కొంచెం ఎక్కినాక, డాంబర్ వంగుతదిగాని ఇంకా అంటని వేళ. ఒక పక్క పట్టుకుని పైకి లేపకు, వెనక్కి మడిచి పుట్టికి ఆనిచ్చి మెల్లగ చుట్టుకుంట పో. బద్దల మీద బరువు పడదు. ఎక్కడైనా పట్టుకుంటే గుంజకు, కింద కత్తి పెట్టి విడిపించు. బద్దలకు అంటుకుని మిగిలిన డాంబర్ పెళ్ళలను మర్నాడు తెల్లారకముందే గీకు. పెళుసు అయి ఉంటది, మొద్దు కత్తి వీపుతోని తట్టితే రాలుతది. పదునైన కత్తి వద్దు, వెదురు పై పొట్టు పోతది. ఆ పొట్టే వెదురుకు బలం.

కిరోసిన్ పోసి కడిగితే డాంబర్ కరుగుతదని ఎవరైనా చెప్తరు. కరుగుతది. కరిగి బద్దల పీచులకు ఇంకుతది, ఆ జిడ్డు మీద కొత్త డాంబర్ పట్టదు. పెట్రోలు మాట ఎత్తకు. ఈ నూనెలన్నీ చివరికి పోయేది నది లోపలికే, నువ్వు వల వేసేది అక్కడే. చేతికి డాంబర్ అంటితే కొబ్బరినూనెనో వంటనూనెనో రాసి రుద్ది సబ్బుతోని కడుక్కో, పోతది.

ఊడదీసిన చెత్తను ఒడ్డున వేసి అగ్గి పెట్టేటోళ్ళను చానామందిని చూసిన. ఆ నల్ల పొగ ఊరంత పీలుస్తది, మిగిలిన ముద్ద వరదల నదిల కలుస్తది. మంచిగున్న పట్టా ముక్కలను కట్టెల కుప్ప కింద పరువు. పశువులు మేసే చొప్ప వాము కాడ మాత్రం పెట్టకు, ప్లాస్టిక్ నమిలితే కడుపుల ఉండిపోతది. మిగిలింది సంచిల కట్టి ఊరి చెత్త బండిల వెయ్యి.

ఇప్పుడు నీ ముంగట ఒట్టి అల్లిక ఉంటది. ఈ పనంత చేసింది దాన్ని చూసేటానికే, అందుకని తొందర పడకు. ఎర్రటి ఎండల పెట్టకు, వెదురు తటాలున ఎండితే నిలువునా పగుళ్ళు తీస్తది. నీడన, గాలి ఆడే కాడ, రాళ్ళ మీద ఎత్తి పెట్టి వారం ఆరనియ్యి. ఆరినాక ఒక్కొక్క బద్దను వేలి కణుపుతోని కొట్టి చూడు. గట్టి బద్ద ఠంగుమంటది, కుళ్ళింది మెత్తగ పలుకుతది. గోరుతోని నొక్కితే దిగబడితే ఆ బద్ద అయిపోయింది. నల్ల మచ్చ ఒక్కటే ఉండి గట్టిగ ఉంటే భయం లేదు. సన్న చిల్లుల నుంచి పిండి రాలుతున్నదంటే పురుగు లోపల ఉన్నది, ఆ బద్దను ఉంచకు, పక్క దానికి పాకుతది.

మూడు జాగలను రెండుసార్లు చూడు. ఒకటి అడుగు నడిమి, నీ కాళ్ళు నిలిచేది, నీళ్ళు నిలిచేది అక్కడే. రెండోది అడుగు నుంచి పక్కకు బద్ద వంగే మలుపు, అక్కడ పీచులు లోలోపల తెగుతయి, బయటికి వెంట్రుక వాసి గీతనే కనబడతది. మూడోది నువ్వు వల గుంజే దిక్కు అంచు. సీసం గుండ్లు రోజూ రాసుకుని అక్కడ అరుగుతది.

పోయిన బద్దను మార్చేటప్పుడు పాతది ముందే తియ్యకు. దాని పక్కనే కొత్త బద్దను అల్లికల పైనుంచి కిందనుంచి దూర్చి, రెండు కొసలు అంచుల బిగించినాక పాతదాన్ని కోసి తియ్యి. ఒకేసారి నాలుగు పీకినవంటే పుట్టి ఒక దిక్కు ఒరుగుతది, ఎంత సరిచేసినా మళ్ళ గుండ్రం రాదు. బద్ద మొత్తం మార్చుడు అవసరం లేకుంటే ముక్క అతుకు. మూర పొడుగైనా పాత దానితోని జోడుగ పోవాలె, నడుమ వచ్చే ప్రతి అడ్డ బద్ద కాడ ముడి పడాలె. గద్వాల చీరల నూలు ఒంటికి పట్టు అంచును పోగుకు పోగు కలిపినట్లు కలవాలె. ఒక్క కాడ సుతిలి చుట్టి వదిలేసిన అతుకు వరదల నిలవదు.

వెదురు మేదరోళ్ళ కాడ కొను. లేదంటే పొలం గట్టు మీద పెంచుకున్న రైతు కాడ కొను. 2017ల కేంద్ర అటవీ చట్టం మార్చినాక అడవి బయట పెంచిన వెదురుకు చెట్టు లెక్క లేదు. నల్లమలల, అమ్రాబాద్ పులుల అడవి నుంచి రాత్రిపూట దిగే వెదురు అగ్గువకు వస్తదని ఆశపడకు. కేసు కాడ పుట్టి ధర కంటె ఎక్కువ పోతది. మూడేండ్లు దాటి ముదిరిన బొంగు చూసుకో. లేత వెదురుల, వానలల్ల కొట్టిన వెదురుల పిండి ఎక్కువ, పురుగుకు అది తిండి. కొట్టినాక కొన్ని వారాలు పారే నీళ్ళల్ల నానబెట్టి నీడన ఆరబెట్టినదైతే ఆ పిండి కొట్టుకపోయి ఉంటది, పురుగు తక్కువ. ఈ ఏడు నీకు అంత టైం లేదు, ఇప్పటికే ఆరబెట్టి ఉన్నదాన్నే అడిగి తెచ్చుకో.

కొత్త తోలు వేసుడు నీకు వస్తది, చిన్నప్పటి నుంచి బావ కాడ చూసినవు. రెండు జాగ్రత్తలే చెప్తా. సంచుల ప్లాస్టిక్ 130 నుంచి 160 డిగ్రీల నడుమ కరుగుతది. డాంబర్‌ను మనోళ్ళు పొగలు చిమ్మే దాంక కాగబెడతరు, అది 150 దాటిపోతది. పొయ్యి మీది నుంచి దించీ దించంగనే పోస్తే కింద పట్టా కరిగి సూది చిల్లులు పడతయి, మీద డాంబర్ వాటిని కప్పుతది. కొత్త పుట్టి మొదటి వారంలనే ఊరుతున్నదని తలపట్టుకునే వాళ్ళు చానామంది ఇక్కడనే దెబ్బ తింటరు. దించి, కొంచెం చిక్కబడే దాంక ఆగి, కుంచెతోని పలచగ రెండుసార్లు పుయ్యి. రెండోది, డాంబర్ కాగే డబ్బాల నీటి చుక్క పడనియ్యకు, పొంగి మీద పడతది. మంట అంటుకుంటే నీళ్ళు కొట్టకు, రేకు మూత వెయ్యి, మన్ను పొయ్యి. ఒంటి మీద పడితే సల్లని నీళ్ళ కింద చానాసేపు పెట్టు, అంటిన డాంబర్‌ను పీకకు, చర్మం దాంతోనే వస్తది. అట్లనే దవాఖానకు పో.

పని అయినాక నదిల దింపంగనే వల వేసుకుని పోకు. మోకాలు లోతు నీళ్ళల్ల దింపి, ఇసుక సంచులు వెయ్యి. ఇద్దరు మనుషులు, తడి వల, పట్టిన చేపలు ఎంత తూగుతయో అంత బరువు. ఒక రాత్రి అట్లనే ఉంచు. తెల్లారి చెయ్యి పెట్టి చూస్తే ఎక్కడ చెమ్మ ఉన్నదో తెలుస్తది. అంచుకు నీళ్ళకు నడుమ ఎడం ఎంత ఉన్నదో చూసి, ఆ గీత కాడ తెల్ల రంగు వెయ్యి. ఏ దినమైనా నీళ్ళు ఆ గీతను దాటినయంటే బరువు ఎక్కువైనట్లు, లేకుంటే లోపల ఎక్కడనో నీళ్ళు చేరుతున్నట్లు.

మంచిగ చేసిన పుట్టిని చూసి జనం ఎక్కించుకపొమ్మంటరు. గుర్రంగడ్డల ఇది రోజూ ఉండే ముచ్చటే, కాదనుడు కష్టమే. నీది చేపలు పట్టే పుట్టి, జనాన్ని దాటించే పుట్టి కాదు. 2007 జనవరిల సింగోటం జాతరకు పోయే జనంతోని ఇక్కడ మంచాలకట్ట కాడ పడవ మునిగి 60 మంది దాంక పోయినరు. 2020 ఆగస్టుల మీ ఎగువన, మక్తల్ దిక్కు పస్పుల కాడ వరదల పుట్టి బోల్తాపడి నలుగురు కొట్టుకపోయినరు. కొత్త తోలు వేసినవని నది తగ్గదు. గేట్లు ఎత్తిన దినం ఎవ్వరు అడిగినా పుట్టి ఒడ్డునే ఉన్నదని చెప్పు, చుట్టమైనా, పెద్దమనిషి అయినా. మామూలు దినాలల్ల నువ్వు పోయేటప్పుడు సుత లైఫ్ జాకెట్ తొడుక్కో. ఉక్కపోస్తదని మీ దోస్తులు నవ్వుతరు, నవ్వనియ్యి.

మీ మత్స్యకారుల సహకార సంఘంల బావ పేరు తీసేసి నీ పేరు ఎక్కించుకున్నవా? ఇంకా కాకుంటే ఈ వారమే చెయ్యి. 2020ల మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన కింద చేపలు పట్టేటోళ్ళకు ప్రమాద బీమా పెట్టినరు, ప్రమాదంల పోతే 5 లక్షలు ఇంటికి వచ్చేటట్లు. వలలకు, పడవలకు సాయం కూడ ఆ పథకంలనే పెట్టినరు. ఇప్పుడు ఎట్లున్నదో జిల్లా మత్స్యశాఖ ఆఫీసుల అడుగు, సంఘం కాగితం పట్టుకుని పో. అక్కకు నీ మీదనే ఆధారం, ఇది మరువకు.

చివరిగ, నువ్వు అడగని మాట ఒకటి ఉన్నది. ఊడదీసినాక అల్లికల మూడో వంతు బద్దలు పోయినయని తేలితే, లేకుంటే మలుపు కాడ వరుసగ పగుళ్ళు ఉంటే, ఆ పుట్టిని బాగుచెయ్యకు. బావ చేతితోని అల్లిన పుట్టి అని నీకు మనసు ఒప్పదు, నాకు ఎరుకే. ఆయన అల్లేటప్పుడు నేను కూడ పక్కన ఉన్న, నాకూ ఒప్పదు. అయినా ఆయన ఉంటే ఆయనే ముందు కొడవలి పట్టేటోడు. కుళ్ళిన బద్దను మొహమాటానికి ఉంచుకునే మనిషి కాదు బావ. అంచు కట్ట గట్టిగుంటే దాన్ని విప్పి కొత్త పుట్టికి వాడుకో, మిగిలింది పొయ్యిల కట్టెలకు పనికొస్తది. కొత్త పుట్టి అల్లించేటానికి సగం పైసలు నేను పంపుత. మిరుగు దాటినాక నెలనెల కొన్ని చొప్పున తీరుద్దువు, ఒడ్డీ లేదు. ఊడదీసి చూడు, ఏ సంగతైందో ఫోన్ చెయ్యి. పైసల కోసం ఆలోచించి కుళ్ళిన అల్లిక మీద కొత్త తోలు చుట్టినవని తెలిస్తే మాత్రం నేనే బస్సెక్కి గద్వాలకొచ్చి దాన్ని కోస్త.

అక్కకు నా దండాలు చెప్పు. చిన్నదాన్ని బడికి పంపుడు మానకు.

నీ మామ